పంతొమ్మిదేళ్ళకు పిలుపు వచ్చింది: కుటుంబంతో అమెరికా వెళ్ళే ముందు ఏమేమి చక్కబెట్టుకోవాలి?

వైనతేయ గట్టు

సభ్యులందరికీ నమస్కారం. మా అక్క అమెరికా పౌరసత్వం వచ్చిన తరువాత 2006 ఫిబ్రవరిలో తోబుట్టువుల కోటా కింద మాకోసం దరఖాస్తు వేసింది. అప్పటికి మా అమ్మాయి ఇంకా దోగాడుతోంది, అబ్బాయి పుట్టనే లేదు. ఇప్పుడు అమ్మాయి కాకినాడలో ఇంజనీరింగు రెండవ సంవత్సరం ముగించింది, అబ్బాయి తొమ్మిదవ తరగతికి వచ్చాడు, నా తలలో నల్ల వెంట్రుకలు వెతుక్కోవలసి వస్తోంది. మధ్యలో చాలా ఏళ్ళు ఆ దరఖాస్తు సంగతే మరచిపోయాం. పోయిన వారం ముంబై కాన్సులేటుకు ఇంటర్వ్యూకు రమ్మని వర్తమానం వచ్చింది. ఆగస్టులో వెళ్ళాలి.

రాజోలు దగ్గర మాకు రెండు ఎకరాల కొబ్బరితోట, ఎకరంన్నర వరిచేను ఉన్నాయి. నేను ఎరువుల దుకాణం నడుపుతున్నాను, నా భార్య ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెబుతుంది. వెళ్ళాలన్న ఉత్సాహం ఇంట్లో అందరికీ ఉంది; అబ్బాయి అప్పుడే మేము వెళ్ళబోయే డాలస్‌లో ఇప్పుడు ఎంత ఎండ కాస్తోందో రోజూ చూసి చెబుతున్నాడు. నాకు మాత్రం ఏ పని ముందు చేయాలో, ఏది తరువాత చేయాలో తోచడం లేదు. కాగితాలు, పొలం, అమ్మాయి చదువు, ఈ మూడింటి గురించి అనుభవమున్న వారు చెప్పగలరు. మా అమ్మ ఇక్కడే ఉంటానంటోంది. ఆ విషయంలో నేను అడగవలసిన ప్రశ్న ఏమిటో కూడా నాకు తెలియడం లేదు.

డాలస్ నిడదవోలు

ముందుగా అభినందనలు. ఈ కోటాకు ప్రపంచం మొత్తానికి ఏడాదికి 65,000 వీసాలు, అందులో ఏ దేశానికీ ఏడు శాతానికి మించకూడదన్న నిబంధన ఉండటంవల్లనే మనవారికి ఇంత ఆలస్యం. మేము కూడా ఇదే దారిలో వచ్చాము కనుక మాకు తగిలిన రాళ్ళు చెబుతాను.

అన్నిటికంటె ముందు పాస్‌పోర్టులు తీసి ఇంటిపేరు గడి చూడండి. మన ఆడవారి పాస్‌పోర్టులలో చాలావాటికి ఇంటిపేరుతో సహా పేరంతా ఒకే గడిలో ఉండి, రెండవ గడి ఖాళీగా ఉంటుంది. అమెరికా వీసాలో అటువంటి పేరు మొత్తాన్ని ఇంటిపేరు గడిలో పెట్టి, అసలు పేరు ఉండవలసిన చోట ఎఫ్‌ఎన్‌యూ అని వేస్తారు. అంటే "పేరు తెలియదు" అని. మా ఇంట్లో ఆవిడకు అలాగే వచ్చింది. బ్యాంకులోనూ, లైసెన్సు కార్యాలయంలోనూ, చివరికి దంతవైద్యుని దగ్గర కూడా ఆవిడను "ఫ్నూ" అని పిలిచేవారు. దానిని సరిచేయించుకోవడానికి మాకు ఏడాదిన్నర పట్టింది. మీవాటిలో ఆ లోపం ఉంటే ఇంటర్వ్యూకు ముందే కొత్త పాస్‌పోర్టు తీసుకోవడం మేలు.

రెండవది జనన ధ్రువపత్రాలు. మీ పిల్లలవి ఎలాగూ ఉంటాయి. మీకూ మీ భార్యకూ లేకపోతే, జననం నమోదు కాలేదని పుట్టిన ఊరి పంచాయతీ నుంచి ధ్రువపత్రం తీసుకుని, దానికి తోడు పదవ తరగతి పత్రాన్నీ, పుట్టుక తెలిసిన పెద్దవారి ప్రమాణపత్రాలనూ జతచేయాలి. పుట్టిన జిల్లా పేరు మాత్రం పాస్‌పోర్టులో ఎలా ఉందో అన్ని చోట్లా అలాగే వ్రాయండి. 2022 ఏప్రిల్‌లో కోనసీమ వేరే జిల్లా అయింది కనుక కొత్తగా తీసిన పత్రంలో ఒకటి, పాతదానిలో ఒకటి ఉంటాయి. ఎందుకని అడిగితే చెప్పడానికి సిద్ధంగా ఉంటే చాలు.

వైద్యపరీక్ష ఇంటర్వ్యూకు ముందే, కాన్సులేటు గుర్తించిన వైద్యుల దగ్గరే చేయించుకోవాలి. పదిహేనేళ్ళు నిండిన వారికి ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, మీ అబ్బాయికి నిండకపోతే క్షయకు రక్తపరీక్ష చేస్తారు. టీకాల పుస్తకం దొరికితే తీసుకెళ్ళండి, లేకపోతే వేయించుకున్నవే మళ్ళీ పొడుస్తారు. వీసా గడువు మామూలుగా ఈ పరీక్ష జరిగిన నాటినుంచి ఆరు నెలలే కనుక, ఆ తేదీనిబట్టే మీ ప్రయాణం తేలుతుంది. దరఖాస్తులో ప్రధాన వ్యక్తి మీరు. కాబట్టి మీరు ముందుగా గానీ, అందరితో కలిసి గానీ అడుగుపెట్టాలి తప్ప పిల్లలను ముందు పంపి తరువాత వద్దామంటే కుదరదు.

కోనసీమ మేనత్త

పెద్దవారెవరూ ఈ మాట ఎత్తలేదు కనుక నేనే అంటున్నాను. అమెరికా వెళుతున్నారని ఊళ్ళో తెలిసిన మరునాటినుంచి మీ అమ్మాయికి సంబంధాలు వరుసకడతాయి. నిశ్చితార్థం వరకు ఫరవాలేదు గానీ, అక్కడ అడుగుపెట్టక ముందే పెళ్ళి జరిగిందా, ఆ పిల్ల వీసా పోయినట్టే. పెళ్ళికాని పిల్లలకే ఈ దారి వర్తిస్తుంది. మా ఆడపడుచు ఇంట్లో ముహూర్తం మంచిదని తొందరపడి చేశారు. కుటుంబమంతా వెళ్ళింది, ఆ పిల్ల పుల్లేటికుర్రులోనే ఉండిపోయింది.

పాలకొల్లు పద్దులు

వృత్తిరీత్యా నేను లెక్కలు చూసేవాడిని. భీమవరం, నరసాపురం ప్రాంతాలనుంచి వెళ్ళినవారి పద్దులు కొన్ని ప్రతి సంవత్సరం నా దగ్గరకు వస్తాయి. వారిలో ఎక్కువమంది వెళ్ళిన రెండు మూడేళ్ళకు గానీ ఈ విషయాలు అడగరు. మీరు ముందే అడిగారు కనుక కొంచెం వివరంగా వ్రాస్తాను.

మీ పొలం, తోట మీ పేరుననే ఉంచుకోవచ్చు. దేశంలో ఉండగా సంపాదించుకున్న వ్యవసాయ భూమిని ప్రవాసి అయిన తరువాత కూడా అట్టిపెట్టుకోవడానికి విదేశీ మారక చట్టం అడ్డు చెప్పదు, వారసత్వంగా వచ్చినా అడ్డు చెప్పదు. కొత్తగా కొనడమే కుదరదు. అక్కడ నాలుగు డాలర్లు సంపాదించి పక్క చేను కలుపుకుందామని చాలామంది అనుకుంటారు. రొయ్యల చెరువైనా సరే, రికార్డులో అది వ్యవసాయ భూమే. మీ బ్యాంకు ఖాతాలను కూడా ప్రవాసుల ఖాతాలుగా, అంటే ఎన్‌ఆర్‌ఓగా మార్పించాలి. పొదుపు ఖాతాను అలాగే వదిలేసి వెళ్ళడం అందరూ చేసే పొరపాటు.

ఇక అసలు విషయం. గ్రీన్‌కార్డుతో అడుగుపెట్టిన రోజునుంచి మీ ప్రపంచ ఆదాయమంతా అమెరికా పన్నుల శాఖకు చెప్పవలసిందే. మనకు ఇక్కడ వ్యవసాయ ఆదాయం మీద ఆదాయపు పన్ను లేదు. అక్కడ ఆ మినహాయింపు లేదు. కౌలు వచ్చినా, కొబ్బరికాయ దింపులో డబ్బు వచ్చినా అది అక్కడి లెక్కలో చూపవలసిన ఆదాయమే. ఇక్కడ మీకున్న ఖాతాలన్నిటిలో కలిపి సంవత్సరంలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఆ ఖాతాల వివరాలు వేరే పత్రంలో ఇవ్వాలి. పన్ను కట్టవలసిన అవసరం లేకపోయినా ఆ పత్రం ఇవ్వకపోతే జరిమానా ఉంటుంది. భార్యాభర్తల ఉమ్మడి డిపాజిట్లు, పిల్లల పేరున వేసినవి, మీ అమ్మగారి ఖాతాలో రెండవ పేరుగా మీరు ఉన్నది, అన్నీ ఇందులోకి వస్తాయి. మీ అమ్మగారి ఖాతాలో నిజంగా మీ పేరు అవసరమా అన్నది వెళ్ళే ముందే ఆలోచించుకోండి.

ఏదైనా భూమి చెక్క అమ్మదలచుకుంటే వెళ్ళకముందు అమ్మడానికీ, వెళ్ళిన తరువాత అమ్మడానికీ చాలా తేడా ఉంది. పట్టణాలకు దూరంగా ఉన్న పల్లెటూరి సాగుభూమి అమ్మకం మీద ఇక్కడ మూలధన లాభాల పన్ను పడదు. అదే అమ్మకం మీరు అక్కడి నివాసి అయ్యాక జరిగితే లాభం మీద అక్కడ పన్ను పడుతుంది. లాభం లెక్కించడానికి, తండ్రిగారి తరువాత మీకు వచ్చిన భూమి అయితే, ఆయన పోయిన నాటి మార్కెట్ విలువ ఆధారమవుతుంది. ఆ విలువకు ఒక కాగితం ఇప్పుడే సంపాదించి దాచుకోండి. పదేళ్ళ తరువాత డాలస్‌లో కూర్చుని రాజోలు సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో పాత ధరలు తీయించడం మాటలు కాదు.

వైనతేయ గట్టు

పద్దులు గారూ, మీరు వ్రాసింది రాత్రి మూడుసార్లు చదివాను. నాన్నగారు 2014లో పోయారు. తోట అప్పుడే నా పేరున మారింది, వరిచేను ఇంకా అమ్మ పేరునే ఉంది. మా పక్కవారి అరఎకరం తోట బేరానికి వచ్చింది. వెళ్ళిన తరువాత నెమ్మదిగా కొందామని మాట ఇచ్చి ఉన్నాను. మీరు చెప్పిన తరువాత ఆ మాట ఎలా వెనక్కి తీసుకోవాలో ఆలోచిస్తున్నాను.

నిడదవోలు గారు చెప్పినట్టే పాస్‌పోర్టులు తీసి చూశాము. నా భార్యది మీరు చెప్పిన లోపమే. ఆ రెండవ గడి ఖాళీగా ఉందని పదేళ్ళుగా మా ఇద్దరిలో ఒక్కరమూ గమనించలేదు. నిన్ననే కొత్తదానికి దరఖాస్తు పెట్టాము.

చేను ఇప్పుడు మా పాలికాపు కొడుకే చేస్తున్నాడు. నోటిమాట కౌలు, మొన్ననే నాట్లు పడ్డాయి. అతనికి కాగితం వ్రాసి ఇస్తే రేపు చేను నాదంటాడని మా బావమరిది భయపెడుతున్నాడు.

రావులపాలెం రైతు

ఆ భయం మన జిల్లాల్లో ప్రతి ఆసామికీ ఉంది, దాని ఫలితమంతా కౌలురైతు మీద పడుతోంది. నేను నాలుగు ఎకరాలు కౌలుకు చేసేవాడిని కనుక అవతలి ఒడ్డునుంచి చెబుతాను. 2019 చట్టం ప్రకారం ఇచ్చే సాగు హక్కు పత్రం పదకొండు నెలలకే చెల్లుతుంది, యాజమాన్యం మీద అతనికి ఏ హక్కూ రాదు. ఆ కాగితం లేకపోతే తుపానుకు పనలు నీళ్ళలో తేలిన సంవత్సరం పరిహారం అతని చేతికి రాదు, పంట రుణమూ రాదు. మీరు పెరట్లో నిలబడి చూసుకుంటున్నంతకాలం నోటిమాట సరిపోయింది. సముద్రాలు దాటి వెళ్ళి కూడా నోటిమాటే అంటే అది అతనికీ, మీకూ, మధ్యలో మీ అమ్మగారికీ తగాదా పెడుతుంది. చేను అమ్మగారి పేరున ఉంది కనుక సంతకం ఆవిడే పెడతారు, అదీ మంచిదే.

తోట సంగతి వేరు. దింపు తీసేవాళ్ళు దొరకడమే కష్టంగా ఉన్న రోజుల్లో, నెలన్నరకో రెండు నెలలకో ఒకసారి మనిషిని పట్టుకుని, కాయ లెక్కించి, వ్యాపారితో బేరమాడటం డెబ్భై దాటిన మనిషి మీద వేయకండి. మక్తాకు, అంటే ఏడాదికి ఇంత అని ముందే మాట్లాడుకుని, ఇచ్చేయండి. నాలుగు రూపాయలు తక్కువ వచ్చినా మీరు నిద్రపోతారు.

నమ్మకమైన వారికి మీ తరఫున వ్యవహరించే జనరల్ పవర్ ఇవ్వదలచుకుంటే బయలుదేరక ముందే సబ్‌రిజిస్ట్రారు ఎదుట చేయించండి. అక్కడినుంచి పంపితే దానికి అక్కడి ముద్రలు వేయించి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. మా పెద్దనాన్న కొడుకు పంపిన కాగితం బీరువాలో నాలుగు నెలలు కూర్చుంది, మళ్ళీ మొదటికి వచ్చింది. అమ్మే అధికారం మాత్రం అందులో వ్రాయకండి, సొంత తమ్ముడికైనా సరే.

తిరుగుటపా

నా పేరు చూసే అర్థమై ఉంటుంది. 2013లో ఇదే కోటాలో వెళ్ళి, మూడేళ్ళకు తిరిగివచ్చినవాడిని. మీ ఉత్సాహం మీద నీళ్ళు చల్లాలని కాదు, నాకు ఎవరూ చెప్పనిది మీకు చెబుదామని వ్రాస్తున్నాను. అప్పటికి నాకు నలభైతొమ్మిది. తణుకులో ఇరవై ఏళ్ళు నడిపిన దుకాణం మూసేసి వెళ్ళాను. మొదటి పని మన తెలుగువారిదే ఒక పెట్రోలు బంకు దుకాణంలో, రాత్రి వేళ. యజమాని వయసులో మా అబ్బాయికంటె నాలుగేళ్ళు పెద్ద, అంతే. గంటల లెక్క ఎప్పుడూ నాకు తక్కువే పడేది, అడిగితే "మీకు ఇంగ్లీషు రాదు కదా అంకుల్" అనేవాడు. పనిలో సిగ్గేమీ లేదు. కానీ మన ఊళ్ళో నలుగురు లేచి నిలబడే మనిషికి, అక్కడ పేరు లేకుండా ఉండటం ఎలా ఉంటుందో మొదటి చలికాలం గానీ తెలియదు. మీరు దుకాణం అమ్మకండి, ఏడాదిపాటు ఎవరికైనా నడపడానికి ఇచ్చి వెళ్ళండి.

ఇంకొక మాట. మా నాన్నకు పక్షవాతం వస్తే పరుగున వచ్చి పద్నాలుగు నెలలు ఉండిపోయాను. ఏడాది దాటితే గ్రీన్‌కార్డు ఒక్కదానితోనే తిరిగి వెళ్ళలేరు. వచ్చేముందే రెండేళ్ళ పునఃప్రవేశ అనుమతికి దరఖాస్తు చేసి ఉంటే సరిపోయేది, అదీ అమెరికాలో ఉండగానే పెట్టాలి. తెలియక పెట్టలేదు. ఆరు నెలలు దాటిన ప్రయాణాలకు కూడా విమానాశ్రయంలో ప్రశ్నలు వేస్తారు. పౌరసత్వానికి అయిదేళ్ళు లెక్కపెట్టేటప్పుడూ అవి అడ్డు వస్తాయి. మీ అమ్మగారు ఇక్కడ ఉంటారు కనుక ఈ విషయం మీకు మిగతావారికంటె ఎక్కువ అవసరం.

ఫ్రిస్కో అత్తిలి

తిరుగుటపా గారి మాటలో అబద్ధం లేదు, కానీ అది మగవారి కథ. మీ భార్యగారి గురించి ఎవరూ అడగలేదు! లెక్కలు చెప్పగలిగిన మనిషికి ఇక్కడ పని దొరకడం మీకు దొరికినదానికంటె తేలిక కావచ్చు. మొదట బడిలో సహాయకురాలిగా చేరి, తరువాత రాష్ట్రపు పరీక్షలు వ్రాసి ఉపాధ్యాయులైనవారు మా వీధిలోనే ఇద్దరున్నారు. ఆవిడ డిగ్రీ, బి.ఎడ్. మార్కుల పత్రాలు అసలువి తెచ్చుకోమనండి. కారు నడపడం ఇద్దరూ నేర్చుకోవాలి. ఇక్కడ కారు నడపలేని మనిషి గోదావరి అవతల పడవ లేకుండా మిగిలినవాడితో సమానం. టెక్సస్‌కు వచ్చిన 90 రోజులలో ఇక్కడి లైసెన్సు తీసుకోవాలి.

అబ్బాయి చదువుకు ఖర్చు లేదు. ఇల్లు ఏ పరిధిలో ఉంటే ఆ ప్రభుత్వ బడిలో చేర్చుకుంటారు, టీకాల పత్రమూ పాత మార్కులూ చాలు. అమ్మాయిది కొంచెం ఆలోచించాలి. ఇక్కడివారి ఫీజు వర్తించాలంటే టెక్సస్‌లో పన్నెండు నెలలు కాపురముండాలి. మా మేనకోడలు అలా ఆగకుండా, దగ్గరలో ఉన్న కమ్యూనిటీ కాలేజీలో తక్కువ ఖర్చుతో చేరి, తరువాత విశ్వవిద్యాలయానికి మారింది. కాకినాడలో చదివిన సబ్జెక్టులలో దాదాపు సగమే లెక్కలోకి తీసుకున్నారు. ప్రతి సబ్జెక్టు సిలబస్ ప్రతినీ కాలేజీ ముద్రతో తెచ్చుకోవడంవల్ల ఆ సగమైనా దక్కింది. గ్రీన్‌కార్డు ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వపు విద్యార్థి సహాయం కూడా వస్తుంది, వచ్చిన వెంటనే దరఖాస్తు పెట్టించండి.

సామాను గురించి అడగలేదు గానీ అడుగుతారు. బియ్యం ఒక్క గింజ వద్దు, పచ్చి కరివేపాకు వద్దు, మాంసం పచ్చళ్ళు వద్దు. విమానాశ్రయంలో తీసి పారేస్తారు, తెచ్చామని ముందే చెప్పకపోతే జరిమానా కూడా. ఆవకాయ తెచ్చుకోవచ్చు.

వైనతేయ గట్టు

ఇన్ని రోజులు జవాబివ్వనందుకు మన్నించండి. అక్క పౌరురాలు కనుక అమ్మకు మాలాగా కోటా కోసం ఏళ్ళ తరబడి ఆగకుండానే దరఖాస్తు వేసి తీసుకువెళ్ళవచ్చునని మాకు తెలుసు. అమ్మ 2011లో ఒక శీతకాలం అక్కడ ఉండి వచ్చింది. కిటికీ దగ్గర కూర్చుంటే వీధిలో ఒక్క మనిషీ నడవడని, కుక్క వెంట నడిచే ఆడమనిషి మాత్రం రోజూ చేయి ఊపేదని ఇప్పటికీ చెబుతుంది. మళ్ళీ రానంది. నేను బతిమాలలేదు.

మొన్న కేసు పాత కాగితాలు కావలసివచ్చి, 2006లో వచ్చిన మొదటి రసీదు కోసం ఇల్లంతా వెతికాను. రెండు రోజుల తరువాత అమ్మ పెట్టె అడుగునుంచి బిస్కెట్ల రేకు డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. పొలం దస్తావేజుల కింద, నాన్నగారి పింఛను పుస్తకం కింద, ఆ రసీదు వచ్చిన కవరుతో సహా ఉంది. అంచు మీద పసుపు మరక తప్ప చెక్కు చెదరలేదు. ఆ ఇంగ్లీషు కాగితం దేనిదో ఆవిడకు తెలుసునా అని అడిగితే, "నువ్వు వెళ్ళే కాగితం, మరేమిటి?" అంది.

పక్కతోట అరఎకరం అక్క పేరున కుదరదు, నా పేరున ఇప్పుడే కొనేంత డబ్బు లేదు. పక్కవారికి ఎదురుగా వెళ్ళి చెప్పేశాను. కౌలు కాగితం అమ్మ సంతకంతో అయింది.

డాలస్ నిడదవోలు

ముంబైలో ఏమైంది? ప్రయాణం ఎప్పుడు?

వైనతేయ గట్టు

వైద్యపరీక్ష జులై 30న అయింది. రాజమండ్రినుంచి కోణార్క్‌లో వెళ్ళి, ముందు రోజు వేలిముద్రలు ఇచ్చి, మరునాడు ఇంటర్వ్యూకు హాజరయ్యాము. కొత్త పాస్‌పోర్టులో ఇంటిపేరు సరిగ్గానే ఉంది. పంతొమ్మిదేళ్ళు ఎదురుచూసింది పది నిమిషాలలో ముగిసింది. అక్కను చివరిసారి ఎప్పుడు కలిశారని అడిగారు, మా అబ్బాయిని ఏ ఆట ఇష్టమని అడిగారు. వీసాలు ఇస్తామన్నారు. గ్రీన్‌కార్డు రుసుము ఒక్కొక్కరికి 235 డాలర్లు కట్టేశాను.

సంక్రాంతి అమ్మతో చేసుకుని ముక్కనుమ వెళ్ళాక బయలుదేరదామని ఉంది. వీసా గడువు జనవరి 29.

డాలస్ నిడదవోలు

అంత అంచుకు పెట్టుకోకండి. ఆ సమయంలో మంచుకు విమానాలు రద్దవుతాయి, ఇంట్లో ఒకరికి జ్వరమొచ్చినా గడువు దాటిపోతుంది. దాటితే వైద్యపరీక్షతో సహా మళ్ళీ చేసుకోవాలి, అమ్మాయి వయసు కూడా చూసుకోండి. ఈ దారి ఇరవై ఒకటి నిండని పిల్లలకే; నిండితే మీ అక్క వేసిన పాత దరఖాస్తు పరిశీలనలో ఎన్ని రోజులు ఉందో అది తీసివేసి వయసు లెక్కగట్టాలి. ఆ లెక్కలోకి దిగే అవసరమే తెచ్చుకోవద్దు.

వైనతేయ గట్టు

టిక్కెట్లు మార్చాను. దసరా వెళ్ళిన రెండవ వారంలో హైదరాబాదునుంచి బయలుదేరుతున్నాము. అమ్మతో ఈ మాట చెప్పడానికి ఒక రోజంతా తటపటాయించి చెబితే, అక్కకు ఫోను కలపమంది. సంక్రాంతికి అక్క వస్తోంది, నెల రోజులు ఉంటుందట. దుకాణం మా గుమాస్తాకు ఏడాదికి అప్పగిస్తున్నాను. నేను 2027లో గోదావరి పుష్కరాలకు వస్తాను, ఆరు నెలలలోపే తిరిగి వెళతాను.

అత్తిలి గారూ, ఆత్రేయపురం పూతరేకులు రెండు డబ్బాలు అక్క కోసం తేవాలని అమ్మ పట్టుబడుతోంది. పెట్టెలో వేస్తే పొడి అవుతాయి కదా, చేతిసంచిలో పెట్టనిస్తారా?

ఫ్రిస్కో అత్తిలి

పెట్టనిస్తారు. కాగితం చుట్టలు విప్పకుండా, స్టీలు డబ్బాలో ఒత్తుగా సర్ది, ఖాళీ మిగిలినచోట గుడ్డ కుక్కండి. సీటు కింద పెట్టుకోండి, పైన అరలో వద్దు.